వంగిన నల్లా

నల్లా వంగడానికి ఎన్ని కారణాలుంటాయో ఆ ఎండాకాలమంతా ఆలోచించాను, ఒక్కటి తప్ప. పైపు పాతదనుకున్నాను. గోడ లోపల సిమెంటు పొడిబారిందనుకున్నాను. నిండిన బకెట్‌ను లాగేటప్పుడు దాని కడ్డీ తగులుతోందేమో అనుకున్నాను. ముప్పై ఏళ్లు ఇనుముతో బతికినవాణ్ణి. ఏ కడ్డీ ఎటు వంగిందో చూస్తే దాని మీద బరువు ఎటునుంచి పడిందో చెప్పగలను. ట్రాక్టరు కర్రు వంకరపోయి వస్తే, తొర్రూరు రైతు నోరు విప్పకముందే "రాయి ఎడమదిక్కు తాకిందా?" అని అడిగేవాణ్ణి. అటువంటి నేను, మా స్నానాల గదిలో రెండడుగుల ఎత్తున ఉన్న నల్లా కిందికి, కాస్త కుడివైపుకి వంగి కనిపిస్తే, దాన్ని పట్టి తిన్నగా లాగి, దారం చుట్టి, బిగించి బయటికొచ్చేవాణ్ణి. ఒకసారి కాదు, మూడుసార్లు.

చూడకూడదనుకున్నదాన్ని చూడకుండా ఉండటానికి కళ్లు మూసుకోనక్కర్లేదని ఇప్పుడు తెలుస్తోంది. చేతిలో నట్లు బిగించే పాన ఒకటి ఉంటే చాలు.

మా ఇల్లు కొత్తవాడలో. వీధివైపు రేకుల షెడ్డు, దాని వెనక ఒక గది, వంటిల్లు, పెరట్లో స్నానాల గది. షెడ్డులో కొలిమి, వెల్డింగు మిషను. ఇనుమును కదలకుండా పట్టే బిగింపు లారీ ఇరుసుతో చేసింది. డ్రిల్లు మిషను ఎవరో పారేసిన కారు జాకీతో చేసింది. సాన రాయి తిప్పేది చచ్చిపోయిన బట్టలుతికే మిషను మోటారు. కొత్తగా మా షెడ్డులోకి వచ్చిన వస్తువేదన్నా ఉందంటే అది గోడమీది క్యాలెండరు. అదీ చర్చిలో ఊరికే ఇచ్చింది.

ప్రసన్న నా భార్య. నా సమ్మెట మనిషి కూడా. ఎర్రగా కాలిన ఇనుమును నేను పట్టకారుతో దాగలి మీద పెట్టి, చిన్న సుత్తితో ఒక చోట తట్టేవాణ్ణి. అక్కడ ఆమె పెద్ద సమ్మెట వేసేది. నేను తట్టడం, ఆమె కొట్టడం. పంతొమ్మిదేళ్లు. మా మధ్య మాటలు ఉండేవి కావు. ఆపమని చెప్పాలంటే, ఇనుము మీద కాకుండా ఖాళీ దాగలి మీద ఒకసారి టింగుమని తట్టేవాణ్ణి. ఆ చప్పుడు వింటే ఆమె ఎత్తిన సమ్మెట గాలిలోనే ఆగిపోయేది. కర్ర కామ ఆమె చేతిలో గుండ్రంగా తిరుగుతోందని దాని బదులు ఇనుప పైపు వేసి, సైకిల్ ట్యూబు చుట్టిచ్చాను. ఆ రబ్బరు మీద ఆమె వేళ్లు పడేచోట నాలుగు గుంటలు పడ్డాయి.

మార్చిలో ప్రసన్నను హైదరాబాద్ దవాఖాన నుంచి ఇంటికి తెచ్చుకున్నాను. జబ్బు వెన్నెముకలోకి పాకింది, ఇక ఇంట్లోనే బాగా చూసుకొమ్మన్నారు. ఆ "బాగా" అనే మాట బస్సులో కాజీపేట వచ్చేదాకా నా చెవిలో తిరుగుతూనే ఉంది. ఆ వారంలోనే నేను ఎల్లస్వామి దుకాణానికి వెళ్లాను.

ఎల్లస్వామిది ములుగు రోడ్డు మీద పాతిసామాన్ల దుకాణం. నాకంటే పదేళ్లు చిన్న. ఏ లారీ ఎముక ఏ కుప్పలో ఉందో అతనికి కంఠతా వచ్చు.

"కమాన్ పట్టీలా? ఎన్ని గావాలె అన్నా? మొత్తం లారీ కట్టుకుంటానవా ఏంది?"

"ఆరు. గిర్ని మోటార్ ఒకటి చూడు. పాత స్కూటర్ చక్రం, టైరుతోని. ఇంక పట్టా ముక్కలు."

"మూతబడ్డ మిల్లుల ట్రాలీ తిరిగిన పట్టాలున్నయి. నాలుగు ముక్కలు. దాగలి కింద ఏస్తవా?" నా మొహంలోకి చూశాడు. "ఏం మిషనే ఇది?"

"సమ్మెట మిషన్. కాలుతో తొక్కితే అదే కొడతది. ఫోన్ల చూసిన."

"సమ్మెటకు వదినె ఉన్నది గద..." అన్నాడు. అని నాలుక కరుచుకున్నాడు. తర్వాత పట్టాలన్నీ తనే ఆటోలోకి మోశాడు. నన్ను ఒక్కదాని మీదా చెయ్యి వెయ్యనివ్వలేదు.

ఆ పని నన్ను మింగేసింది. లారీ చాసిస్ ముక్కలతో నిలువు స్తంభం. పట్టా ముక్కలు నాలుగూ నిలబెట్టి ఒక్కటిగా వెల్డింగు చేస్తే దాగలి. పైన తరాజులా ఊగే కమాన్ పట్టీల కట్ట, లారీని కుదుపులకు కాసే స్ప్రింగు పట్టీలవి, దాని ఒక కొసకు లారీ ఇరుసు కోసి చేసిన పదిహేను కిలోల మొద్దు. కింద స్కూటర్ చక్రం. పెడల్ తొక్కితే మోటారు వచ్చి టైరుకు ఆనుతుంది, టైరు తిరిగితే పట్టీ ఊగుతుంది, మొద్దు పడుతుంది. పొద్దున ఏడింటికి షెడ్డులోకి వెళితే ఎండ తిరిగేదాకా బయటికి వచ్చేవాణ్ణి కాదు. గదికీ షెడ్డుకీ మధ్య పది అడుగులు. మందులు టైముకిచ్చేవాణ్ణి, జావ కాచేవాణ్ణి, దుప్పటి మార్చేవాణ్ణి. అన్నీ చేసేవాణ్ణి. కూర్చునేవాణ్ణి కాదు.

మట్టలాదివారం నాడు, చర్చి నుంచి తెచ్చిన ఈతమట్ట షెడ్డు తలుపుకు గుచ్చి, మళ్లీ వెల్డింగు మొదలుపెట్టాను. ప్రసన్న గోడ పట్టుకుంటూ వచ్చి, గుమ్మం దగ్గర ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుంది.

"ఓ అయ్యా. జర ఆ మాస్కు తియ్యి, మాట్లాడాలె."

"చెప్పు, వినవడతాంది."

"తీస్తేనే చెప్త. ఇనుప మొకంతోటి మాట్లాడ చేతగాదు నాకు."

తీశాను.

"బాత్రూం గోడకు ఒక రాడ్డు పెట్టు. ఇంత చాలు." రెండు చేతులు చాపి చూపించింది. "స్టూలు మీదికెల్లి లేసేటప్పుడు పట్టుకోనీకి."

"రేపు పెడత."

"రేపెందుకు? అగో, గా మూలకు నా సమ్మెట ఉన్నది. దాని కామ కొయ్యి. పైపే గద. రబ్బరు గూడ ఉన్నది, తడి చెయ్యి జారది."

నాకు కోపం వచ్చింది. ఎందుకంత వచ్చిందో అప్పుడు అర్థం కాలేదు. "కామ కోస్తే మల్ల నువ్వు దేంతోని కొడతవే?" అన్నాను.

ఆమె నన్ను చూసింది. నా వెనక, తలకంటే ఎత్తుగా నిలబడ్డ మిషన్ను చూసింది. మళ్లీ నన్ను చూసింది.

"మరి గదేంది?"

"అది... నీకు తక్లీబు తగ్గియ్యనీకి."

"మంచిది. నిన్న గూడ మస్తు తగ్గింది, నువ్వు గ్రైండర్ పెడితే." నవ్వింది. నవ్వితే నడుము నొప్పి పుడుతుంది, అందుకని సగంలో ఆపింది.

"నీకు పాతిసామాన్‌తోని ఎందుకు పెడత?" అన్నాను. "స్వామికి చెప్పి కొత్త స్టీలు పైపు తెప్పిస్త. పెద్ద పెద్ద హోటళ్లల్ల ఉంటది చూడు, మెరుస్తది, అసొంటిది."

"నేనేమన్న హోటల్ల దిగిన్నా? పాతదే పెట్టయ్యా. ఈ ఇంట్ల ఏది కొత్తది?"

"లేదు, కొత్తదే పెడత."

అక్కడ జరిగింది అదొక్కటే. జీవితమంతా విరిగినవాటిని అతికించి వాడుకున్న మనిషిని, ఆమె దగ్గరికి వచ్చేసరికి మాత్రం కొత్తదే కావాలన్నాను. అది ప్రేమ అనుకున్నాను. ప్రేమ కాదని ఇప్పుడూ అనలేను. కాని అరగంట పని అది. రెండు పట్టీలు, నాలుగు బోల్టులు. ఆ సమ్మెట కామ కోస్తే ఆమె ఇక ఎప్పటికీ కొట్టదని నా రంపంతో నేనే ఒప్పుకున్నట్టు. కొయ్యకపోతే ఏదో మిగిలి ఉన్నట్టు. పక్కనే ఆమె బదులు కొట్టే మిషన్ను కడుతూ, ఈ మూలలో ఆమె సమ్మెటను కాపాడుకుంటూ వచ్చాను. నా తలలో రెండు షెడ్లుండేవి, ఒకదాంట్లోంచి ఇంకోదాంట్లోకి తలుపు లేదు.

ఎల్లస్వామికి స్టీలు పైపు చెప్పాను. "పాతిదైతే ఇప్పుడే ఇస్తనే. కొత్తదంటే తెప్పియ్యాలె" అన్నాడు. తొందరేం లేదన్నాను. ఈ మాట నేనే అన్నాను.

ఏప్రిల్ చివర మొదటిసారి నల్లా వంగింది. బాగుచేశాను. వారానికే మళ్లీ వంగింది. గోడ తవ్వి కొత్త ఎల్బో వేసి సిమెంటు పెడుతుంటే, గదిలోంచి అడిగింది.

"ఏమైందయ్యా నల్లకు?"

"వంగింది. పాత పైపు. ఈసారి గట్టిది ఏసిన, ఏనుగు గుంజినా రాదు."

"అట్లనా" అంది.

ఆ "అట్లనా" గురించి నేను చాలా ఆలోచించాను. అందులో వెటకారం లేదు. నిష్ఠూరం కూడా లేదు. ఎల్‌కేజీ పిల్లవాడు తప్పు అక్షరం రాసుకుని మురిసిపోతుంటే పక్కన నిలబడ్డ పెద్దమనిషి గొంతులో ఉండే ఓపిక అది. ఆమె చెప్పి ఉండవచ్చు. రెండు మాటలు చాలు. చెప్పలేదు. తెలుసుకునే అవకాశం నాకు ఇచ్చిందో, లేక తెలిస్తే నేను తట్టుకోలేనని దాచిందో తెలియదు. రెండిట్లో ఏదైనా, నాకంటే ఆమెకే నేనెక్కువ తెలుసు.

మే మూడో వారంలో మిషను తయారైంది. మిట్టమధ్యాహ్నం. కొలిమిలో ఒక పట్టీ ముక్క ఎర్రగా కాల్చి, దాగలి మీద పెట్టి పెడల్ తొక్కాను. మొద్దు లేచింది. పడింది. ధన్. మళ్లీ. ధన్ ధన్ ధన్ ధన్. ఇనుము నా కళ్లముందే మైనంలా సాగిపోయింది. ఆ క్షణం నేను సంతోషంగా ఉన్నాను, అబద్ధం ఎందుకు.

పక్కింట్లో మగ్గం ఆగింది. జంపఖానాలు నేసే సదానందం గోడమీంచి తల పెట్టాడు. "ఓ విన్సెంటూ! నా మగ్గం కింద భూమి అదురుతాంది. పులి బొమ్మ నేస్తాంటే పిల్లి అయితాందిరా!"

"నీ పులులు ఎప్పుడు పిల్లుల్లెక్కనే ఉంటయి గద మామా" అని వెనకనుంచి ప్రసన్న గొంతు వినిపించింది.

ఎప్పుడు లేచిందో, ఎంతసేపు నడిచిందో తెలియదు. తలుపు ఫ్రేమును పట్టుకుని నిలబడి ఉంది. అరచెయ్యి నిండా గోడ సున్నం. సదానందం తల దించేసుకుని వెళ్లిపోయాడు. వారం రోజుల్లో మనిషి ఎంత తగ్గిపోయిందో అతను అప్పుడే చూశాడు.

"ఒక్కసారి తొక్కు" అంది.

తొక్కాను. కళ్లు మూసుకుని వింది. పంతొమ్మిదేళ్లు సమ్మెట వేసిన మనిషి, ఇంకొకరి దెబ్బ వింటోంది.

"ఎడమకు పడతాంది."

"లేదు, కొలిచి పెట్టిన."

"ఎడమకు పడతాందయ్యా. కొసకు. సప్పుడు పలచగున్నది."

సుద్దముక్కతో గీత గీసి చూశాను. నూలుపోగంత ఎడమకు పడుతోంది. రేకు ముక్క దూర్చి సరిచేశాను. మళ్లీ తొక్కితే తల ఊపింది.

"ఇది ఊపిరి తీసుకోదు గద" అంది.

"మిషన్ గద."

"నేను రెండు దెబ్బలకోసారి తీసుకుంటుంటి. గప్పుడే నువ్వు ఇనుము మర్లేస్తుంటివి. ఇది నీకు మర్లేసే టైం ఇయ్యది. చెయ్యి పైలం."

"ఊఁ."

"హైదరాబాద్ కెల్లి వచ్చిన వారమే మొదలువెట్టినవు."

దాగలి మీది సుద్దగీతను బొటనవేలితో తుడిచాను.

"నేను పోయినంక మొదలువెడితే అయిపోతుండె గదయ్యా" అంది. కోపంగా అనలేదు. కూరలో ఉప్పు ఒక పలుకు తక్కువ వేయాల్సింది అన్నట్టు అంది. "ఈ సప్పుడు నేను ఇనకపోదును."

ఏదో ఒకటి అనాలి. మిషన్ ఆపి దగ్గరికి వెళ్లాలి. ఆమె చేతి సున్నం తుడవాలి. ఇవన్నీ నాకు ఆ క్షణంలోనే తెలుసు. చాలా స్పష్టంగా తెలుసు. నేను పెడల్ తొక్కాను. ధన్ ధన్ ధన్ ధన్. ఖాళీ దాగలి మీద. ఆ చప్పుడులో ఎవరూ ఎవరికీ జవాబు చెప్పనక్కర్లేదు. కాలు తీసి వెనక్కి చూసేసరికి గుమ్మంలో ఎవరూ లేరు.

ఆ వారంలోనే నల్లా మూడోసారి వంగింది.

జూన్ మొదట్లో తొర్రూరు నుంచి మా వదినె సుశీల వచ్చింది. ప్రసన్నకు అక్క. ఏ మాటైనా గట్టిగా మాట్లాడే మనిషి, ఏడుపు కూడా గట్టిగానే ఏడుస్తుంది. వచ్చిన రెండో రోజు, పొద్దున్నే చెల్లెల్ని బాత్రూముకు తీసుకుపోదామని లేపింది. ప్రసన్న కాళ్లు మంచం మీంచి కిందికి దిగాయిగాని, నిలబడలేదు. ఇద్దరం చెరోవైపు పట్టాం. నిలబడలేదు.

"ఇగ వద్దులే అక్కా" అంది ప్రసన్న.

సుశీల బజారుకు పోయి ప్లాస్టిక్ బేసిన్ తెచ్చింది. దాన్ని మంచం కింద పెట్టి, కొంగు నోట్లో కుక్కుకుని వంటింట్లోకి వెళ్లింది. నేను గుమ్మం దగ్గరే నిలబడి ఉన్నాను, చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియక. ప్రసన్న తల నావైపు తిప్పింది.

"రాడ్డు ఇగ అక్కర్లేదులే అయ్యా. స్వామికి ఫోన్ చేసి వద్దని చెప్పు. ఊకె తిప్పలవడతాండు."

ఫోన్ చేయలేదు. మూడోరోజు ఎల్లస్వామి తనే బండి మీద పైపు పట్టుకొచ్చాడు, కాగితం చుట్టి. "పక్కా హోటల్ మాల్ అన్నా. మొకం చూసుకోవచ్చు." గది దాకా వచ్చి, లోపల మంచాన్ని చూసి, గుమ్మం బయటే ఆగిపోయాడు. చెప్పులు విడిచి నిలబడ్డాడు, చర్చిలో నిలబడ్డట్టు.

నేను కాగితం విప్పి పైపు ఆమెకు చూపించాను. కిటికీ వెలుతురు దాని మీద పడి గోడ మీద తెల్లటి మచ్చ ఆడింది.

"చూడు. ఇయ్యాల్నే పెడత. పొద్దుమీకె లోపల అయిపోతది. నువ్వు జర లేసి తిరిగేసరికి..."

ఆమె చేతిలో జావ తాగే స్టీలు చెంచా ఉంది. మంచం ఇనుపది, మా షెడ్డులో చేసిందే. ఆమె చెయ్యి మెల్లగా కదిలింది. చెంచాతో మంచం కడ్డీ మీద ఒక్కసారి తట్టింది.

టింగ్.

ఎల్లస్వామికి ఏమీ అర్థం కాలేదు. సుశీలకూ కాలేదు. పంతొమ్మిదేళ్లు ఆ చప్పుడు చేసింది నా చెయ్యి. దాన్ని వినాల్సిన వంతు నాకు ఎప్పుడూ రాలేదు. నా నోట్లో మాట, ఎత్తిన సమ్మెటలా, ఉన్నచోటే ఆగిపోయింది. పైపు కింద పెట్టాను. మంచం పక్కన కూర్చున్నాను. ఆ ఎండాకాలంలో మొదటిసారి.

తర్వాత ఆరు రోజులు కూర్చున్నాను. ఆమె చెయ్యి నా చేతిలో ఉండేది. అరచేతిలో కాయలు ఇంకా గట్టిగానే ఉండేవి, మనిషంతా కరిగిపోయినా అవి కరగలేదు. ఆరోరోజు మధ్యాహ్నం మొదటి వాన పడింది. రేకుల మీద చప్పుడుకు సదానందం మగ్గం వినిపించలేదు. వాన వెలిసేసరికి మగ్గం వినిపించింది, ప్రసన్న ఊపిరి వినిపించలేదు.

వానలు మొదలైతే రైతులు ఆగరు. మట్టి ఇచ్చి వచ్చిన నాలుగోరోజే పాలకుర్తి నుంచి ఒకాయన కర్రులు పట్టుకొచ్చాడు, సంగతి తెలిసి తిరిగిపోబోయాడు. నేనే ఆపాను. కొలిమి వెలిగించాను. మిషను పనిచేసింది. ఒక్కణ్ణే, గంటలో పన్నెండు కర్రులు. "మస్తు చేసినవ్ భాయ్, మనిషి అవసరమే లేదు" అన్నాడు ఆయన. అని తానన్నది తానే విని బీడీ పారేశాడు.

మిషను బాగుంది. నిజంగా చాలా బాగుంది. రెండు దెబ్బలయ్యాక నా చెయ్యి దానంతటదే ఇనుము తిప్పబోతుంది. మూడో దెబ్బ అప్పటికే పడిపోతుంది. ఎడమచేతి బొటనవేలు గోరు నల్లబడింది. అప్పటినుంచి, ఆమె ఊపిరి తీసుకునేంత సేపు పెడల్ మీంచి కాలు తీయడం అలవాటు చేసుకున్నాను.

సుశీల ఊరికి వెళ్లిపోయింది. జూలైలో ఒక పొద్దున స్నానానికి బకెట్ పెట్టి నల్లా తిప్పాను. నీళ్లు తిన్నగా బకెట్ మధ్యలో పడుతున్నాయి. చాలాసేపు అలా చూస్తూ ఉండిపోయాను. బకెట్ నిండి, పొర్లి, నా పాదాల మీంచి పోతోంది. నల్లా తిన్నగా ఉంది. నెల దాటింది, నేను దాన్ని బాగుచెయ్యలేదు. పాత పైపు అదే, గోడ అదే, బకెట్ అదే. నెల రోజులుగా నల్లా వంగలేదు.

స్టూలు అక్కడే ఉంది. నల్లాకు కుడిపక్కన, నా నడుముకు కాస్త పైన, గోడ సున్నం మీద అరచెయ్యంత మరక. నూనె, సబ్బు, చెమట. దాని కింద ఇంకో మరక. దాని కింద ఇంకోటి. ఒక్కో వారానికి ఒక్కో మెట్టు కిందికి దిగినట్టు, చివరిది నల్లా దాకా వచ్చి ఆగింది.

నల్లా కట్టేశాను. తడి లుంగీతోనే షెడ్డులోకి వెళ్లాను. స్టీలు పైపు మూలకు నిలబడి మెరుస్తోంది. దాని పక్కనుంచి సమ్మెట తీశాను. బిగింపులో పెట్టి తల దగ్గర పైపు కోశాను. రంపపు బ్లేడు సగంలో విరిగింది, ఇంకోటి వేశాను. రెండు కొసలకూ కమాన్ పట్టీ ముక్కలు వెల్డింగు చేసి చిల్లులు పెట్టాను. రబ్బరు కాలకుండా తడిగుడ్డ చుట్టాను. అరగంట కూడా పట్టలేదు.

ఏ మరక దగ్గర పెట్టాలా అని ఒక నిమిషం ఆగాను. అన్నిటికంటే పైదాని దగ్గర పెట్టాను. మట్టలాదివారం నాటిది అదే అయ్యుండాలి. నాలుగు బోల్టులు బిగించాను.

తర్వాత స్టూలు మీద కూర్చున్నాను. చెయ్యి చాపితే రబ్బరు మీద నాలుగు గుంటలు తగిలాయి. నా వేళ్లు వాటిలో పట్టలేదు, కొంచెం పెద్దవి. ఉన్నంత బరువూ దాని మీద వేసి, నల్లా వైపు చెయ్యి పోనివ్వకుండా, లేచి నిలబడ్డాను.